కుర్చీ కిరాయి

స్వీట్ కార్న్ సాగు మీద పోస్టు పెడతానని పోయిన వారం మాటిచ్చిన, పెట్టలేదు. మధ్యల పట్నం పోయొచ్చిన. అక్కడ చూసింది ముందు మీకు చెప్పాలె, లేకుంటే నాకు నిద్ర పట్టేటట్టు లేదు. జర పొడుగుంటది. మోటరు పెట్టి గట్టు మీద కూసున్నప్పుడు నిమ్మళంగ చదువుకోండి.

శనివారం పొద్దుగాల చేవెళ్లల బస్సెక్కి మెహిదీపట్నంల దిగిన. అక్కడ ఇంకో బస్సు మారి కొండాపూర్ చేరుకున్న. నా బిడ్డ, అల్లుడు ఆ దిక్కే కిరాయింట్ల ఉంటరు, ఇద్దరూ నౌకరి చేస్తరు. ఒక ఎకరం అమ్మి ఫ్లాటుకు సాయం చేస్తవా నాన్నా అని రెండు నెలల నుంచి బిడ్డ ఫోన్ల అడుగుతున్నది. ఇంటికే వస్త గదా బిడ్డా, కూసొని మాట్లాడుదాం అంటే, "ఇంట్ల అత్తమ్మ ఉంటది నాన్నా. రెండే అర్రలు, ఏం మాట్లాడినా వినపడతది. మాల్‌కు రా, ఫుడ్ కోర్టుల కూసుందాం" అన్నది. ఆమెకు ఆ రోజు రెండింటి దాక డ్యూటీ. నేను పదకొండుకే చేరిన. అట్ల మూడు గంటలు ఖాళీగ కూసున్న.

దాచేదేముంది, బస్సుల ఉన్నప్పుడే నా జవాబు తయారుగున్నది. అమ్మేది లేదు అని చెప్పి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చుడే.

గేటు కాడ సెక్యూరిటీ పిల్లగాడు సంచి తెరిపిచ్చిండు. మా ఇంటామె బిడ్డ కోసమని జొన్నరొట్టెలు, చిక్కుడుకాయ కూర స్టీలు డబ్బాల పెట్టింది. బయటి తిండి లోపలికి రానియ్యం అన్నడు. నా బిడ్డకు బాబూ అన్న. నా మొహం దిక్కు చూసి, "లోపల తెరవకు కాకా" అని ఇడిచిపెట్టిండు.

కదిలే మెట్లెక్కి పైకి పోయిన. ఫుడ్ కోర్టు అంటే మన మండల కేంద్రంల ఫంక్షన్ హాలు అంత జాగ అనుకోండి. మూడు దిక్కుల వరుసగ తిండి దుకాండ్లు, నడిమిట్ల బల్లలు, కుర్చీలు. బిర్యాని ఒక దగ్గర, దోసెలు ఒక దగ్గర, పిజ్జాలు ఇంకో దగ్గర. అన్ని వాసనలు కలిసి ఏది ఏందో తెల్వదు. నెంబరు పిలుస్తరు, ఎవరి పళ్లెం వాళ్లే పోయి తెచ్చుకోవాలె. వడ్డించేటోళ్లు లేరు, ఇంకొంచెం పెట్టుకో అనేటోళ్లు లేరు. కానీ చల్లగుంది. ఎండల వచ్చిన మనిషికి ఆ చల్లదనమే సగం భోజనం.

ఊకె కూసుంటే లేపుతరేమో అని భయమైంది. ఏదన్న కొందామని లేస్తే స్వీట్ కార్న్ దుకాణం కనపడ్డది. మనం పండిచ్చేదే గదా, సూద్దామని పోయిన. నోట్లు ఇస్తే తీసుకోలే. ఒక కౌంటరుల పైసలు కట్టి కార్డు నింపుకోవాలెనట. ఆ కార్డు గీకి ఒక కప్పు తీసుకున్న. 110 రూపాయలు.

కూసొని లెక్కేసిన. మొన్నటి పంట నేను కిలో 12 రూపాయలకు అమ్మిన. కిలోకు మూడు కంకులు తూగినయి. అంటే కంకికి 4 రూపాయలు. ఆ కప్పుల ఉన్న గింజలు మహా అయితే కంకిన్నర. నాకు వచ్చింది 6 రూపాయలు, వాళ్లు తీసుకున్నది 110. విత్తనం, ఎరువు, 80 రోజుల నీళ్లు, అడవి పందులకు కావలి, అన్నీ ఆ 6 రూపాయలల్లనే. కోసినంక కంకిల తీపి గంట గంటకు తగ్గిపోతది కాబట్టి ఆ రాత్రే మార్కెట్‌ల పడాలె, ధర ఎంతంటే అంతకు ఇచ్చి రావాలె. మీకు తెల్వని సంగతి కాదు. 2024ల రిజర్వ్ బ్యాంకు పరిశోధన పత్రం ఒకటి వచ్చింది. కొనేటోడు టమాటకు పెట్టే రూపాయిల రైతుకు ముట్టేది 33 పైసలని అందుల రాసిన్రు, ఉల్లిగడ్డకు 36, ఆలుగడ్డకు 37. ఆ కప్పుల నా వంతు 6 పైసలు కూడా లేదు.

నాకు మస్తు కోపమొచ్చింది. ఇక్కడ ఆపితే ఈ పోస్టుకు మీరు లైకులు కొడతరు, దళారీలను తిడతరు, అయిపోతది. కానీ ఇంకా రెండు గంటలు అక్కడే కూసున్న.

దుకాణంల పిల్లగాని మాట మన దిక్కుదే అనిపించి అడిగిన. నాగర్‌కర్నూల్ దిక్కు ఊరట, వాళ్ల నాయిన నాలుగెకరాలల్ల పత్తి పెడతడట. ఎందుకు బిడ్డా ఇంత ధర అంటే నవ్విండు. "కాకా, కంకి ఖర్చు మాకు లెక్కలకే రాదు. ఈ జాగకు కిరాయి, అమ్మిన దాంట్ల మాల్‌కు వాటా, కరెంటు, మా జీతాలు. కప్పుల పోసేది గింజలే గని, నువ్వు పైసలిచ్చేది ఆ కుర్చీకి" అన్నడు.

ఆ మాట విన్నంక కప్పు దిక్కు చూసుడు మాని కుర్చీల దిక్కు చూసుడు మొదలుపెట్టిన.

నా పక్క బల్ల మీద ఒక పెద్దమనిషి, డెబ్బై ఏండ్లుంటయి. ఇస్త్రీ అంగీ, చేతుల పేపరు, ముందల నీళ్ల సీసా. ఏమీ కొనలే. ఊడ్చే ఆడోళ్లందరూ ఆయనను పేరు పెట్టి పలకరిస్తున్నరు. మాటలు కలిపిన. సర్కారు నౌకరి చేసి రిటైరైండట. రోజూ వస్తడట. "కొడుకు, కోడలు ఇంట్లనే కంప్యూటర్ల పని చేస్తరండి. నేను దగ్గితే వాళ్ల మీటింగుల వినపడతది. ఇక్కడ ఎంత దగ్గినా అడిగేవాళ్లు లేరు" అన్నడు. నవ్వుతూనే చెప్పిండు. నాకు మాత్రం నవ్వు రాలే.

ఇంకో దిక్కు రెండు బల్లలు జోడించి రెండు కుటుంబాలు కూసున్నయి. పెండ్లిచూపులు. నమ్ముతరా? పిల్ల, పిల్లగాడు ఇద్దర్నే జ్యూస్ తెమ్మని పంపిన్రు. వాళ్లు లైన్ల నిలబడి మాట్లాడుకుంటుంటే, ఇటు అమ్మలిద్దరూ ఫోను చూస్తున్నట్టు చేసి దొంగచూపులు చూస్తున్నరు. మన ఊర్ల అయితే ఇంటికి సున్నం, వాకిలికి సాన్పి, పక్కింటోళ్ల కుర్చీలు. ఇక్కడ కుర్చీలు మాల్‌వి, చాయ దుకాణంది. చూపులు మాత్రం అవే.

ఒకామె చిన్న పిల్లను ఒడిల పెట్టుకొని సంచిల చెయ్యి పెట్టి పెరుగన్నం ముద్దలు తీసి తినిపిస్తున్నది. బయటి తిండి గదా, డబ్బా బల్ల మీద పెట్టదు. ఊడ్చే ఆమె చూసింది. చూసి మొహం అటు తిప్పుకొని అవతలి బల్ల తుడిచింది.

డెలివరీ పిల్లలు గుంపులు గుంపులుగ వస్తున్నరు. వాళ్లు మాత్రం కూసోరు. దుకాణం ముందల నిలబడి ఫోను చూసుకుంట పొట్లాం అందగానే ఉరుకుతరు. అన్ని కుర్చీలు ఖాళీగున్నా ఒక్కడు కూసోలే. పొద్దంత తిండి మోసే పిల్లలు అక్కడ తినంగ నేను చూడలే.

పారేసుడు చెప్పనలవి కాదు. సగం బిర్యాని, కొరికి ఇడిచిన పిజ్జా, ముట్టని అన్నం, అన్నీ నల్ల కవర్లకే. ఎత్తే ఆమెను అడిగితే, "రోజూ ఇంతే అన్నా, మేం తీసుకునుడుకు లేదు" అన్నది. తిడదామని నోటి దాక వచ్చింది. అంతల రెండేండ్ల కింద ధర లేక పదిహేను బాక్సుల టమాట నేను రోడ్డు పక్కన పారబోసి వచ్చింది యాదికొచ్చింది. నోరు మూసుకున్న.

అద్దాల నుంచి బయటికి చూస్తే అన్నీ మిద్దెలే. సైబర్ టవర్స్ 1998ల తెరిచిన్రు. అంతకు ముందు ఈ దిక్కంత బండలు, చెల్కలు, నడుమ నడుమ ఊర్లు. నేను కూసున్న కుర్చీ కింద కూడా ఎవరిదో జొన్న చేను ఉండొచ్చు. ఆయన ఏ ధరకు అమ్మిండో, ఆ పైసలు ఎన్నొద్దులున్నయో ఏమో. ఆయన మనుమడు ఇయ్యాల కప్పు కొంటేనే ఇక్కడ దర్జాగ కూసుంటడు అనిపించింది.

రెండుంబావుకు నా బిడ్డ వచ్చింది. అల్లుడు బండి పెట్టి వస్తానన్నడు. వచ్చుడుతోనే సంచి దిక్కు చూసి, "అమ్మ ఏం పంపింది?" అన్నది. తెరవద్దన్నరు బిడ్డా అంటే విననే లేదు. ఒడిల డబ్బా పెట్టుకొని బల్ల కిందనే రొట్టె తుంపి కూరల అద్దుకొని తిన్నది. చిన్నప్పుడు చేన్ల గట్టు మీద కాళ్లు చాపి తినే పిల్ల. ఇందాకటి ఊడ్చే ఆమె వచ్చింది, చూసింది, మల్ల మొహం తిప్పుకున్నది.

నేను తెచ్చుకున్న జవాబు గొంతులనే ఆగింది. ఇన్ని రోజులు బిడ్డ ఫ్లాటు అడుగుతుంటే పట్నం సోకు అనుకున్న. అది అడుగుతున్నది సోకు కాదు. తండ్రితోని అరగంట మాట్లాడుడుకు, తల్లి పంపిన రొట్టె బల్ల మీద పెట్టుకొని తినుడుకు జాగ. ఇంట్ల ఆ జాగ లేకనే గదా నన్ను ఇక్కడికి పిలిచింది.

ఇంకొకటి కూడా తట్టింది. రెండు నెలల నుంచి నేను "ఇయ్యాల్నా, వద్దా" అని ఆలోచిస్తున్న, ఏదో దానం చేస్తున్నట్టు. తండ్రి ఆస్తిల బిడ్డకు హక్కుందని మన ఉమ్మడి రాష్ట్రంల 1986లనే చట్టం చేసిన్రు. దేశమంతటికీ 2005ల వచ్చింది. మనందరికీ ఎరుకే. పెండ్లప్పుడు పెట్టింది లెక్కల రాసి, అయిపోయింది అనుకుంటం. నేనూ అనుకున్న.

"బోరున్న ఎకరం అమ్మ బిడ్డా, అది పోతే అమ్మ, నేను ఏం చెయ్యాలె. రోడ్డు పక్క ఇరవై గుంటలు నీ పేరు మీద రాపిస్త. అమ్ముకుంటవో, పెట్టుకుంటవో నీ ఇష్టం. ఫ్లాటుకు సాలకపోతే సాలదు" అన్న. అది కాసేపు ఏం మాట్లాడలే. "తమ్ముడు ఏమంటడో" అన్నది. అల్లుడు వచ్చి మూడు చాయలు తెచ్చిండు. చాయ కూడా మస్తు పిరం. ఈసారి లెక్క వెయ్యలే.

ఇంటికొచ్చి చెప్పినంక నా కొడుకు రెండొద్దులు మాట్లాడలేదు. మూడో రోజు, "ఆ ఇరవై గుంటలల్ల ఈ పంట తీసినంక రాపియ్యి" అన్నడు. అంటే సగం ఒప్పుకున్నట్టే. ఇంటామె మాత్రం ఒకటే అడిగింది: రొట్టెలు తిన్నదా?

చెప్పొచ్చేదేందంటే, పట్నపోళ్లు మన కష్టం తింటున్నరని మనం తిడతం. నేనూ తిడత, రేపు కూడా తిడత. 4 రూపాయల కంకికి న్యాయం జరగాల్సిందే. కానీ ఆ 110 రూపాయలు పెట్టేటోళ్లు బలిసి పెడుతున్నరని మాత్రం ఇప్పుడు అనలేను. వాళ్లల్ల సగం మంది మన పిల్లలే. మన అరుగు మీద ఉత్తగ దొరికేది అక్కడ కొనుక్కుంటున్నరు.

మీల ఎవరన్న బిడ్డలకు భూమి రాపిచ్చిన్రా? కొడుకులతోని ఎట్ల మాట్లాడిన్రు? కింద రాయండి, నాకు పనికొస్తది. స్వీట్ కార్న్ పోస్టు వచ్చే వారం ఖాయం, కత్తెర పురుగు సంగతి కూడా అందులనే రాస్త. ఉంట మరి, కరెంటొచ్చే టైమైంది.