తల్లివైపు జాడ

"మీ పెద్దలు ఎక్కణ్ణించి వచ్చారు?" పలాసలో పుట్టి, ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడే మమ్మల్ని ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఏటా ఉద్దానం ఇసుకలో గుడ్లు పెట్టిపోయే ఆలివ్ రిడ్లే తాబేళ్లనైతే ఊళ్లో ఎవరూ అడగరు.

అడిగింది శాస్త్రవేత్తలు. హైదరాబాదు సీసీఎంబీలో కార్తీక్ శంకర్, లాల్జీ సింగ్ తదితరులు తూర్పుతీరం తాబేళ్ల డీఎన్ఏ పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లు చూసింది మైటోకాండ్రియా డీఎన్ఏని. అది తల్లి నుంచే బిడ్డకొస్తుంది. బి.ఏ. చదువుకున్న మాకు మా మాదరీ జబాన్ గుర్తొచ్చింది. అదీ అమ్మీ ఇచ్చిందే కదా!

తేలిందేమిటి? మన తూర్పుతీరం పొడవునా ఉన్నది ఒకటే మంద. అందులో దాదాపు 96 శాతం తాబేళ్ల తల్లివరస మరెక్కడి రిడ్లేలలోనూ కనపడలేదు, పక్కనున్న శ్రీలంకలో సైతం. మిగతా మహాసముద్రాలకు రిడ్లేలు ఈ హిందూ మహాసముద్రం నుంచే పోయి ఉంటాయన్నారు. అంటే ఇవి వలస వచ్చినవి కావు, వలస పంపినవి!

మనమూ అలాంటి పరీక్ష చేయించుకుంటే నోళ్లు మూతపడతాయి కదా అన్నాడొక దోస్తు. మేం ఒప్పుకోలేదు. ఇక్కడివాళ్లమని రక్తం చూపించే ఖర్మ మాకెందుకు? రేపు అడిగినవాడి రక్తమే ఇంకో దేశం పేరు చెబితే వాణ్ణెక్కడికి పంపుతారు?

అయినా రుజువున్న తాబేలుకు ఒరిగిందేమిటి? పదేళ్లలో ఒక్క ఒరిస్సాలోనే లక్షకు పైగా చచ్చిన తాబేళ్లను లెక్కపెట్టారని ఆ వ్యాసంలోనే ఉంది. ఊపిరి కోసం తాబేలు నీటిపైకి రావాలి. ట్రాలర్ వల రానివ్వదు. టెక్కలి దగ్గర భావనపాడు ఒడ్డుకూ ఉబ్బిన కళేబరాలు కొట్టుకొస్తాయి. కుక్కలు పీకుతుంటాయి.