వేగమును బలమును

1893వ సంవత్సరమున ఆంగ్లేయ నౌకాదళమువారి హేవక్ అను చిన్న యుద్ధనౌక జలప్రవేశము చేసెను. శత్రువుల టార్పీడో పడవలను తరిమి పట్టుటకే యిట్టి నౌకలు పుట్టినవి. కావున వేగమే వాని ప్రాణము. 1899లో నీటికి దిగిన వైపర్, కోబ్రా యనువానికి పార్సన్సు దొరగారి ఆవిరి టర్బైనులు అమర్చబడెను. వైపర్ 36 నాట్లకు మించిన వేగమున పరుగిడెను. 1901 సెప్టెంబరులో కోబ్రా ఉత్తర సముద్రమున రెండుగా విరిగెను. 12 మంది మాత్రమే బ్రదికిరి. కట్టడమందలి దౌర్బల్యమే హేతువని విచారణసభ తేల్చెను.

ఈ పాఠము చెప్పునప్పుడెల్ల మాకొక బాలుడు జ్ఞప్తికి వచ్చును. వాని చురుకుదనమునకు మురిసి మేమే వానిని ఒక్కయేట రెండు తరగతులు దాటించితిమి. లెక్కలలో పునాది చాలక వాడు మరుసటి యేడు తప్పి, బడి మానెను. తొందరపడినవారము మేము, మునిగినవాడు వాడు. నాటినుండి చురుకైన బాలుని చూచినచో, మొదట వాని కూడికలను పరీక్షించుచున్నాము.