సింహం సరే... రాణి సంగతేమిటి?

కొన్ని పిక్చర్లు మొదటిసారి చూసినప్పుడు బాగానే అర్థమయినట్టుంటాయి. రెండోసారి చూస్తేగానీ తెలీదు, అసలు కథ మన కళ్ళ ముందునుంచే జారిపోయిందని! నాకు ‘ది లయన్ ఇన్ వింటర్’ అలాంటిదే.

1968లో వచ్చిన చిత్రమది. పీటర్ ఓ టూల్ ఇంగ్లండు రాజు రెండవ హెన్రీ. కేథరిన్ హెప్‌బర్న్ అతని రాణి ఎలినార్. ఏళ్ల తరబడి భార్యని ఖైదులో ఉంచిన ఆ రాజు, 1183 క్రిస్మస్ పండక్కి ఆమెని బయటికి రప్పిస్తాడు. పడవలో హెప్‌బర్న్ ఠీవిగా వచ్చే ఆ సీను చూసి తీరాలి! ఆ పాత్రకే ఆమెకి ఉత్తమనటి ఆస్కార్ వచ్చింది. ఆ ఏడు ‘ఫనీ గర్ల్’ తార బార్బ్రా స్ట్రైసాండ్‌కీ ఆమెకీ సమంగా ఇచ్చారు లెండి.

అప్పుడు నేను కాలేజీ కుర్రాణ్ణి. మొగుడి మీద కోపం, అతని ప్రియురాలి మీద అసూయ... ఇంతేగా అనుకున్నాను. అందరూ మాటిమాటికీ ‘ఆక్విటేన్’ అంటూంటే అదేదో ఊరి పేరులెమ్మని వదిలేశాను.

తర్వాత పుస్తకాలు తిరగేస్తే తెలిసింది. అది ఊరు కాదండీ బాబూ, ఫ్రాన్సు నైరుతిలో పెద్ద సీమ! 1137లో తండ్రి పోతే ఎలినార్‌కి వారసత్వంగా వచ్చింది. అప్పటికామెకి పదమూడో, పదిహేనో ఏళ్లు. ఆ ఏడే ఫ్రాన్సు యువరాజు లూయీతో పెళ్ళయింది. కొద్దిరోజులకే మామగారు పోయి, ఆమె మహారాణి అయింది. పదిహేనేళ్ల కాపురంలో ఇద్దరూ ఆడపిల్లలే. 1152 మార్చిలో, దగ్గరి చుట్టరికం ఉందంటూ ఆ పెళ్ళి రద్దుచేశారు. ఆమెతోపాటు ఆక్విటేనూ వెళ్ళిపోయింది!

ఇక చూడండి సినిమా ఫక్కీ. పొయితియే నగరానికి తిరిగి వెళ్తుంటే, దారికాచి ఎత్తుకుపోయి పెళ్ళాడాలని ఇద్దరు ప్రయత్నించారట. తప్పించుకుంది. రెండు నెలలకే 19 ఏళ్ల హెన్రీని చేసుకుంది. అతనికంటే కనీసం తొమ్మిదేళ్లు పెద్ద! 1173లో కొడుకులు తండ్రిమీద తిరగబడితే వాళ్ల పక్షాన నిలిచింది. మగవేషంలో పారిపోతూ దొరికిపోయిందని ఆనాటి చరిత్రకారుడొకాయన రాశాడు. అదీ ఆ ఖైదు కథ.

మన సినిమాల్లో విలన్ కాగితం ముందుపెట్టి, ‘సంతకం పెట్టు’ అని హీరోయిన్‌ని గద్దిస్తాడు చూడండి... ఈ చిత్రంలోనూ అలాంటిదే ఉంది. ఆక్విటేన్ చిన్నకొడుక్కి రాసిస్తే నీకు స్వేచ్ఛ ఇస్తానంటాడు హెన్రీ. ఆ పండగ, ఆ బేరం రచయిత కల్పన. కానీ నిజంగా జరిగింది అంతకంటే విచిత్రం. 1185లో, ఆక్విటేన్ ఏలుతున్న కొడుకు రిచర్డ్‌ని లొంగదీయడానికి హెన్రీ ఏం చేశాడనుకున్నారు? తన ఖైదీ అయిన భార్యనే రప్పించి, ఆమె సీమ ఆమెకి అప్పగించమన్నాడు. రిచర్డ్ అప్పగించాడు. పేరు ఆమెది, పెత్తనం హెన్రీది. కానీ ఆ పేరు లేకుండా అంతటి రాజుకీ పని జరగలేదు!

1189లో హెన్రీ పోయాకే ఆమెకి విడుదల. పదేళ్లకి రిచర్డూ పోయాడు. అప్పటికి డెబ్బై అయిదేళ్లుంటాయేమో, ఎలినార్ తన సీమంతా తిరిగింది. లా రోషెల్ లాంటి పట్టణాలకి తన పేరుతో హక్కుపత్రాలిచ్చింది. టూర్ నగరంలో ఫ్రాన్సు రాజు ఫిలిప్ ముందు, సీమకి తనే హక్కుదారుగా విధేయత ప్రకటించింది. ఆ ఫిలిప్ ఎవరో తెలుసా? మొదటి మొగుడు లూయీ కొడుకే!

1204లో కన్నుమూసింది. ఫాంటెవ్రో మఠంలో హెన్రీ పక్కనే ఆమె శిల్పం ఉంది. చేతుల్లో తెరిచిన పుస్తకం.

మొదటిసారి సినిమా చివర పడవ ఆమెని మళ్ళీ ఖైదుకి తీసుకెళ్తుంటే ‘అయ్యో పాపం’ అనుకున్నాను. రెండోసారి అనలేదు. ‘శుభం’ పడేది సినిమాకే! ఆవిడ తన నేలమీద తన పేరుతో తిరగడానికి ఇంకా పదహారేళ్లుంది మరి!