తిరుచ్చులి ముంగిట

విరుదునగర్ జిల్లాలోని తిరుచ్చులి, 1879లో రమణ మహర్షి పుట్టిన ఊరు. భూమినాథస్వామి దర్శనం చేసుకుని ఆ నల్లరేగడి సీమలోని తెలుగు ఇళ్లకు వెళ్లాను. పెద్దలు కొడుకుల దగ్గరే ఉంటున్నారు. కూడూ గుడ్డకూ లోటు లేదు. మనవలకు మాత్రం తమిళమే అలవాటు. "ఇంటినిండా జనమే నాయనా, తెలుగులో పలికేవాళ్లే లేరు" అంది ఒక అవ్వ.

చైనాలో కన్నవారిని తరచు చూసి రావాలని 2013 నుంచి చట్టముంది. మన 2007 చట్టం పోషణ ఖర్చు ఇప్పిస్తుంది. పింఛను విలువ బ్యాంకువాడిగా నాకు తెలుసు. పలకరింపు మాత్రం ఏ ఖాతాలోనూ జమ కాదు. కౌపీనం తప్ప ఏమీ లేని కొడుకు దగ్గరకు 1916లో చేరిన అళగమ్మాళ్, 1922లో ఆయన సన్నిధిలోనే కన్నుమూశారు. మన ఇంటి పెద్దలకూ కావలసింది ఆ సన్నిధే కదా!