మొవ్వు చూడకుండా మొక్కను పీకకండి

నా కుడిచేతి చూపుడువేలి మీద శనగగింజంత మచ్చ ఒకటి ఉన్నది. నా తొందరపాటుకు అది గుర్తు.

పదవీ విరమణ తరువాత కాలక్షేపానికి చేపల తొట్టె పెట్టి, అందులో నాటడానికి అమెజాన్ స్వోర్డ్ మొక్కను కొన్నాను. దీని జన్మస్థానం దక్షిణ అమెరికా; శాస్త్రనామం ఎకినోడోరస్. కాండం పైకి కనిపించదు. ఆకులన్నీ ఒక్క మొదలు నుంచే చుట్టూ విచ్చుకుంటాయి. ఈనెలు అడుగు నుంచి కొస వరకు సాగుతాయి, వాటి నడుమ సన్నని అడ్డ ఈనెలుంటాయి. క్రిప్టోకొరైన్ అనే మొక్కను చూసి ఇదేనని పొరబడేవారున్నారు. దాని పిల్లలు గులకల అడుగున పుడతాయి. దీని పిలకలు పూకాడ మీద పుడతాయి.

నాటిన రెండు వారాలకు ఆకులు పసుపెక్కి, పలచబడి, కుళ్లసాగాయి. రోగమనుకున్నాను. నర్సరీలలో వీటిని సాధారణంగా ఆకులు గాలిలో ఉండేటట్లు పెంచుతారు. ఆ పొడుగుకాడల ఆకులు నీట మునిగితే నిలవవు. మొవ్వులోనుంచి నీటికి తగిన కొత్త ఆకులు వస్తాయి. ఇదేమీ తెలియక ఉత్త చేతులతో పీకివేశాను. గులకరాయి వేలిని గీసింది. పీకిన తరువాత చూద్దును గదా, మొవ్వులో గోరంత లేతాకు చుట్ట విప్పుతున్నది!

మూడు వారాలకు ఆ గీత మీద ఎర్రని గడ్డ లేచింది. వైద్యుణ్ణి కదా, నాకు నేనే మామూలు యాంటీబయాటిక్ రాసుకున్నాను. తగ్గలేదు. చర్మవ్యాధి నిపుణుడైన నా శిష్యుడు అడిగిన మొదటి ప్రశ్న, "సార్, ఇంట్లో చేపలున్నాయా?" ఆ ప్రశ్న నాకు తట్టనందుకు సిగ్గుపడ్డాను. అది మైకోబాక్టీరియం మరైనమ్, క్షయ క్రిమికి జ్ఞాతి. ఒంటి వేడి కన్న చల్లనిచోట బాగా పెరుగుతుంది గనుక వేళ్లను పట్టుకుంటుంది. నాలుగు నెలలు మందులు మింగాను.

చేతి మీద గాయముంటే తొట్టెలో చేయి పెట్టకండి. మానని గడ్డతో వైద్యుని వద్దకు వెళితే, చేపల సంగతి మీరే ముందుగా చెప్పండి.

రెండవ మొక్కను వేళ్లు మాత్రమే గులకలలో ఉండి, మొవ్వు పైకి తేలేటట్లు నాటాను. దీని ఆహారం ఎక్కువగా వేళ్ల ద్వారానే. అందుకని మొదట్లో ఎరువు బిళ్ల గుచ్చుతాను. ఈనెలు పచ్చగా ఉండి లేతాకు పాలిపోతే ఇనుము చాలలేదన్నమాట. మన రక్తహీనత మాత్రలు మాత్రం వేయకండి, చేపలకు ముప్పు.

మొన్న పూకాడ వచ్చింది. దాని మీద ఐదు పిలకలు. వేళ్లు రెండంగుళాలు సాగిన తరువాత వేరుచేస్తాను, గ్లవ్స్ తొడుక్కొని.