రాతిగనిలో మొలచిన వనము

గడచిన మార్గశిరమాసమున మేము గురుగ్రామమందలి మా చెల్లెలి యింటికి పోయితిమి. ఢిల్లీ ప్రాంతమునకు పోయినవారెల్లరును కోటలను, సమాధులను చూచి వత్తురు. మేమును చూచితిమి. కాని మా మనస్సున నిలిచిపోయినది మాత్ర మొక పాత రాతిగని. దానిని గూర్చియే మీకు విన్నవింపదలచితిమి.

ఆకాశమంటు మేడల చెంతనే, ఢిల్లీ పొలిమేర నానుకొని, 400 ఎకరములకు కొంచెము తక్కువగా నున్న కొండనేల యది. పేరు ఆరావళీ జీవవైవిధ్యవనము. మంచు విడకముందే మా అత్తగారిని, పిల్లలను వెంటబెట్టుకొని బయలుదేరితిమి. బాట ప్రక్కన నిట్టనిలువుగా చీల్చిన రాతిగోడలు, లోతైన గోతులు కానవచ్చినవి. పూర్వ మిచట కొండను పగులగొట్టి నగరపు కట్టడములకు రాయి తరలించెడివారు. 2002లోను, 2009లోను సర్వోన్నత న్యాయస్థాన మిచ్చిన యాజ్ఞలచే ఈ ప్రాంతపు ఆరావళులలో గనుల త్రవ్వకము నిషేధింపబడెను. రాయి పోయెను, గాయము మిగిలెను.

2010వ సంవత్సరమున లతికా ఠుక్రాల్ మొదలగు స్త్రీలు స్థాపించిన పౌరసంఘము, పురపాలకసంఘముతో కలసి, ఇచట వనము పెంపనారంభించెను. ఏ నేలకు ఏ మొక్క తగునో నిర్ణయించినవారు విజయ్ ధస్మానాగారు. బడిపిల్లలు, ఉద్యోగులు వచ్చి గుంటలు త్రవ్వి మొక్కలు నాటిరి.

మొక్క నాటుట యెంతపని యని మన మనుకొందుము. కాని గనినేలకు పైమన్ను లేదు. పాలెన్ని యున్నను తోడు లేనిది పెరుగు కానట్లే, పైమన్ను లేని నేల అడవి కాదు. విత్తనములు, వేళ్లు, కంటికి కానరాని సూక్ష్మజీవులు నుండునది ఆ జానెడు మన్నుననే గదా! కావుననే గని త్రవ్వువారు ముందుగా పైమన్ను తీసి వేరుగా నుంచవలెను. దానిని మిక్కిలి యెత్తుగ పోసి యేండ్లతరబడి విడిచిన యెడల అందలి జీవము నశించును. పక్షులు గూళ్లు కట్టు కాలమున చెట్లు కొట్టరాదు. మృగములు తప్పించుకొని పోవుటకు అడవిదారి విడువవలెను. త్రవ్విన భాగమును వెంటవెంటనే పూడ్చి పచ్చన చేయవలెను. ఈ జాగ్రత్త ముందు లేకున్న, పిదప పడుపాటు పదింతలగును.

ఒకచోట సర్కారు తుమ్మను తొలగించియుండిరి. మా అత్తగారు నిలిచిపోయి, "పచ్చనిచెట్టు కొట్టుట పాపము కాదటే?" యనిరి. మా చెల్లెలు, "అత్తయ్యగారూ, అది అమెరికా ఖండమునుండి వచ్చిన చెట్టు. అది యల్లుకొన్నచోట మన చెట్లు మొలవనేరవు. ఒక్కమారుగా కొట్టరు, మన మొక్కలు ఎదుగుకొలది మెల్లగా తీసెదరు" అని చెప్పెను. ఆమె బదులాడలేదు, మనసు కుదుటపడినట్లును లేదు.

నాటుటకు విత్తనములు ఆరావళులలో మిగిలిన అడవుల నుండియే తెచ్చిరి. అందు ముఖ్యమైనది మంగర్ బనీ. అది గుజ్జరుల దేవతావనము. ఒక సాధువుపై భక్తిచే చుట్టుపట్ల గ్రామములవారు అచట కొమ్మ విరువరు. ఆ భక్తియే లేకున్న నేడు విత్తనమునకు చెట్టు దొరకకపోయెడిది. ధావ్ అను చెట్టు, మన యడవులలో నుండు అందుగు, మోదుగ ఇప్పుడు గనిరాళ్లపై నిలిచియున్నవి. నెమళ్లు, నక్కలు, మనుబోతులు తిరిగివచ్చినవి. 2022లో భారతదేశమున అభయారణ్యముగాక యితరవిధమున జీవరాశిని కాపాడు స్థలముగా మొట్టమొదట గుర్తింపబడిన దీ వనమే.

పూర్వపుటడవి తిరిగి వచ్చినదా యని మమ్మడిగినచో లేదనియే చెప్పెదము. గోతులు గోతులుగనే యున్నవి. మన్ను చేరుటకు మనుమల కాలము పట్టును. అయినను పిల్లలు రాతిగోడపై నెమలిని చూచి కేక వేసినప్పుడు మా కండ్లు చెమర్చినవి.

తిరిగి వచ్చునపుడు మా అత్తగారు క్రిందపడిన యెండుకాయ నొకదానిని కొంగున ముడివేసుకొని, వాకిలి దాటకముందే మరల విప్పి ఆ చెట్టుక్రిందనే వేసిరి. "ఇచట మన్ను తక్కువ. దీని నిచ్చటనే యుండనిండు" అనిరి.