కరోల్‌బాగ్‌లో చవక డీజిల్!

ఢిల్లీ మెట్రో బ్లూ లైన్‌లో కరోల్‌బాగ్ దగ్గర దిగితే ముందు కనిపించేవి బట్టల కొట్లు, చెప్పుల బళ్లు, గఫార్ మార్కెట్ సెల్‌ఫోన్లు. లోపలి వీధుల్లోకి వెళ్తే ఇక కార్లే కార్లు! ఒకదాని బంపర్‌కు మరొకటి ఆనించి నిలబెట్టిన పాత బళ్లు. టైర్లకు నల్లరంగు పూసి, అద్దాలు మెరిపించి, పెళ్లిచూపులకు సిద్ధం చేసినట్టుంటాయి. స్విఫ్ట్, ఐ20, ఫిగో... అన్నీ మన వీధుల్లో తిరిగేవే. ధర విన్నాకే హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు ఇంకోసారి అడుగుతారు. పదేళ్లకు దగ్గరపడ్డ డీజిల్ బండి అంత చవక మరి!

కారణం వయసు. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు ఢిల్లీ రోడ్లపై తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది. సుప్రీంకోర్టు 2018లో దాన్ని సమర్థించింది. పెట్రోల్ బండికి మాత్రం పదిహేనేళ్ల గడువు. 2025 జులైలో ఏకంగా బంకుల్లో ఇంధనమే పోయకూడదన్నారు, కొద్దిరోజులకే వెనక్కి తగ్గారు. కోర్టు ఆదేశాలు తర్వాతా మారుతూ వచ్చాయి. అయినా యజమానుల భయం పోలేదు. ఆ భయమే మనకు డిస్కౌంటు.

అసలు ఇన్ని చిన్న డీజిల్ కార్లు ఎందుకొచ్చాయంటే, 2012 మే నెలలో ఢిల్లీలో లీటరు పెట్రోల్ 73 రూపాయలు దాటితే, డీజిల్ 41 లోపే ఉంది. ఫియట్ తయారుచేసిన 1.3 లీటర్ ఇంజిన్‌నే స్విఫ్ట్‌లోనూ, ఇండికా విస్టాలోనూ, పుంటోలోనూ పెట్టి అమ్మారు. 2014 అక్టోబరులో డీజిల్ ధరపై నియంత్రణ ఎత్తేశారు. 2020లో మారుతి డీజిల్ కార్లకే స్వస్తి చెప్పింది.

మరి కొనొచ్చా? 2025 నాటి హైదరాబాద్ ధరలతో లెక్కేద్దాం. పెట్రోల్ 107, డీజిల్ 96 రూపాయలు. పాత పెట్రోల్ బండి లీటరుకు 14, డీజిల్‌ది 18 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. నెలకు 500 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌తో మిగిలేది 1,150 రూపాయల చిల్లర. ఇంజెక్టర్లో, టర్బోనో ఒక్కసారి మొరాయిస్తే ఏడాది ఆదా మెకానిక్ జేబులోకే. కూకట్‌పల్లి నుంచి ఆఫీసుకు, ఆదివారం అత్తగారింటికి తిరిగేవాళ్లకు పెట్రోలే సుఖం. రోజుకు వంద కిలోమీటర్లు ఊళ్లు తిరిగే మందుల కంపెనీ కుర్రాడి సంగతి వేరు. అతనికి ఇదే లెక్క నెలకు ఐదారు వేలు మిగులుస్తుంది.

బజారుకెళ్లాక మొదట బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగా ఉంటే మీరొచ్చేలోపే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. చల్లారేదాకా టీ తాగి రండి. పాత డీజిల్ బండవారం చల్లటి ఇంజిన్‌ను తిప్పినప్పుడే బయటపడుతుంది. నీలం పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం. నడుస్తుండగా ఆయిల్ మూత విప్పితే పొగ బుసబుసా తన్నుకొచ్చినా అనుమానించాల్సిందే.

ఢిల్లీ ఆర్టీఓ ఎన్ఓసీ వస్తుందో లేదో బయానా ఇవ్వకముందే తేల్చుకోవాలి. ఇక్కడికొచ్చాక కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపితే చవక కాస్తా కరిగిపోవచ్చు. ఇంకో మాట. ఢిల్లీ వద్దనుకున్న పొగ మన బజారుకొస్తే అది పొగ కాకుండా పోదు. రెండు లక్షలకు మించి పెట్టలేని ఇంటివాడికి ఈ మాట చెప్పడమూ కష్టమే.

కొన్నవాళ్లలో కొందరు నడుపుకుంటూనే వస్తారు. ఆగ్రా, గ్వాలియర్, ఝాన్సీ, నాగ్‌పూర్, ఆదిలాబాద్... 1,500 కిలోమీటర్ల పైమాటే. ఆ దారంతా డీజిల్ ఇంజిన్‌కు పుట్టినిల్లు. ఏసీ వేసినా, నలుగురెక్కినా టాప్ గేరులో హాయిగా లాగేస్తుంది. మేడ్చల్ దాటి, సుచిత్ర దగ్గర ట్రాఫిక్‌లో పడ్డాకే దాని అత్తారింటి కష్టాలు మొదలయ్యేది.